నీడ కొలిచి రాసుకున్న వరుస

ప్రియమైన పిల్లలకు,

"ఏ మతం ఆడవాళ్ళని బాగా చూస్తుంది?" అని మీరు తరచూ అడుగుతారు. గ్రంథాలు తిరగేస్తే ఏ మతంలోనైనా ఆడదాన్ని ఆకాశానికెత్తిన వాక్యాలూ కనిపిస్తాయి, తీసిపారేసిన వాక్యాలూ కనిపిస్తాయి. వాటితో వాదన తెగదు. పద్ధతులు చూడండి. దీక్ష ఎవరు ఇవ్వాలి, ఎంతమంది ఉంటే చెల్లుతుంది, ఎవరు లేచి ఎవరికి దండం పెట్టాలి? అసలు సంగతి అక్కడ బయటపడుతుంది. అన్ని మతాలూ ఒక ఉత్తరంలో పట్టవు కాబట్టి, బౌద్ధ భిక్షుణీ సంఘం, అంటే సన్యాసినుల సంఘం, ఒక్కదాన్నే విప్పి చూపిస్తాను.

సిద్ధార్థుడు పుట్టిన ఏడో రోజుకే తల్లి మాయాదేవి చనిపోయింది. పెంచింది పినతల్లి మహాప్రజాపతి గౌతమి. అతను బుద్ధుడై కపిలవస్తుకి వచ్చినప్పుడు, ఆడవాళ్ళనీ సంఘంలో చేర్చుకోమని ఆవిడ మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ వద్దన్నాడు. ఆవిడ జుట్టు తీయించుకుని, కాషాయం కట్టుకుని, శాక్య స్త్రీలను వెంటబెట్టుకుని వైశాలి దాకా నడిచింది. కాళ్ళు వాచిపోయి, ఒళ్ళంతా దుమ్ము కొట్టుకుపోయి, విహారం గుమ్మం బయట ఏడుస్తూ నిలబడింది. ఆనందుడు చూసి లోపలికి వెళ్ళి అడిగాడు. ఆయన అడిగినా బుద్ధుడు ఒప్పుకోలేదు. అప్పుడు ఆనందుడు ప్రశ్న మార్చాడు: ఇల్లు విడిచి వచ్చిన స్త్రీ అర్హత్వం, అంటే పూర్తి ముక్తి, పొందగలదా, లేదా? పొందగలదు అన్నాడు బుద్ధుడు.

ఇక్కడ కాస్త ఆగండి. ఆడదానికి ఆ శక్తి ఉందా అన్న ప్రశ్న ఆ ఒక్క జవాబుతో తీరిపోయింది. ఆ తర్వాత వందల ఏళ్ళు నడిచిన గొడవంతా పద్ధతి గురించే.

ప్రవేశం దొరికింది గానీ ఎనిమిది షరతులతో. వాటిని గరుధర్మాలు అంటారు, సంఘ నియమాల గ్రంథమైన వినయపిటకంలో చుల్లవగ్గ అనే భాగంలో ఉన్నాయి. మొదటిది ఇది: దీక్ష తీసుకుని నూరేళ్ళు నిండిన భిక్షుణి అయినా సరే, ఆ రోజే దీక్ష తీసుకున్న భిక్షువుకి లేచి నమస్కరించాలి. ఈ షరతు బరువు తెలియాలంటే సంఘంలో వరుస ఎలా నిర్ణయిస్తారో తెలియాలి. దీక్ష పూర్తయిన క్షణంలోనే నీడ కొలుస్తారు. ఏ ఋతువు, పగటిలో ఏ భాగం అన్నది ప్రకటిస్తారు. ఒకే రోజు ఇద్దరు చేరితే ఎవరు పెద్ద అన్నది ఆ నీడ చెప్తుంది. బువ్వ దగ్గర, ఆసనం దగ్గర, నమస్కారం దగ్గర అదే వరుస. కులం, వయసు, పూర్వం రాజా పేదా అన్నవి ఏవీ లెక్కలోకి రావు. అంత నిక్కచ్చిగా కొలిచే చోట, ఆడవాళ్ళ నూరేళ్ళు మాత్రం మగవాడి ఒక్క రోజు ముందు తేలిపోతాయి. గౌతమి దీన్ని చూస్తూ ఊరుకోలేదు. తర్వాత ఆనందుడి ద్వారా మళ్ళీ అడిగించింది: ఇరువైపులా దీక్షా వరుస ప్రకారమే నమస్కారాలు ఉండనివ్వమని. ఒప్పుకోలేదు. ఆవిడ అడిగిన సంగతి మాత్రం గ్రంథం దాచలేదు, అందుకు నేను సంతోషిస్తాను.

ఆరో షరతు: రెండేళ్ళు శిక్షమాణగా, అంటే శిక్షణలో, ఉండి, ఆ తర్వాత భిక్షుణీ సంఘం, భిక్షు సంఘం రెండింటి దగ్గరా ఉపసంపద, అంటే పూర్తి దీక్ష, పొందాలి. భిక్షుణి అంటూ ఒక్కరు కూడా లేని రోజున భిక్షుణీ సంఘం దగ్గర దీక్ష పొందమని ఎలా చెప్తారు? ఈ చిక్కు వల్లే, ఎనిమిదీ ఒకేసారి పుట్టినవి కావని, కొన్నిటిని తర్వాతి కాలంలో ఈ కథలో కుట్టారని చాలామంది పండితులు అంటారు. నాకూ అదే సబబుగా తోస్తుంది.

ఇక దీక్ష ఎలా సాగుతుందో చూడండి. ముందు పది శీలాలతో, అంటే నియమాలతో, శ్రామణేరి అనే తొలి మెట్టు. తర్వాత రెండేళ్ళు ఆరు శీలాలు: ప్రాణి హింస, దొంగతనం, స్త్రీ పురుష సంబంధం, అబద్ధం, మత్తు, మధ్యాహ్నం దాటాక భోజనం, ఈ ఆరింటికీ దూరంగా ఉండాలి. మధ్యలో ఒక్కటి తప్పినా ఆ రెండేళ్ళూ మళ్ళీ మొదటినుంచి. మగవాళ్ళకి ఈ రెండేళ్ళ మెట్టు లేదు. ఆ తర్వాత భిక్షాపాత్ర, చీవరాలు అనే కాషాయ వస్త్రాలు సిద్ధం చేసుకోవాలి. భిక్షువుకి చీవరాలు మూడు, భిక్షుణికి అయిదు: రవికలా ఛాతీకి కట్టేది ఒకటి, స్నానానికి కట్టుకునేది ఒకటి అదనం. తర్వాత ప్రశ్నలు. అప్పులున్నాయా, ఎవరి దగ్గరైనా బానిసగా ఉన్నావా, ఇంట్లో ఒప్పుకున్నారా, ఇరవై నిండాయా, ఫలానా రోగాలున్నాయా అని. ఆడవాళ్ళకి ఇరవై నాలుగు ప్రశ్నలు, అందులో శరీరానికి సంబంధించినవి చాలా. మగవాళ్ళ ముందు ఆ ప్రశ్నలకి సిగ్గుతో నోరు పెగల్లేదని, అందుకే ముందు భిక్షుణులే అడిగి తేల్చుకుని, ఆ తర్వాత భిక్షువుల దగ్గరికి పంపే ఏర్పాటు చేశారని చుల్లవగ్గ చెప్తుంది. రెండు సంఘాల దీక్ష పుట్టిన కారణం అది. ఆడపిల్ల మర్యాద కాపాడటానికి పెట్టిన ఆ ఏర్పాటే, తర్వాతి కాలంలో తలుపుకి వేసిన గడియ అయింది.

ఎలాగంటే లెక్క వేయండి. పూర్తి దీక్ష ఇవ్వాలంటే సంఘంలో, మధ్యదేశంలో అంటే గంగా మైదానంలో అయితే కనీసం పదిమంది, పొలిమేర దేశాల్లో అయిదుగురు ఉండాలి. దీక్ష ఇప్పించే గురువమ్మని ప్రవర్తిని అంటారు. ఆవిడకి దీక్షలో పన్నెండేళ్ళు నిండి ఉండాలి. ఏటేటా ఇవ్వకూడదు, ఒకే ఏడు ఇద్దరికి ఇవ్వకూడదు. అంటే రెండేళ్ళకి ఒక్కరు. ముప్ఫై ఏళ్ళు అదే పని చేసినా పదిహేనుమంది. కరువో యుద్ధమో వచ్చి పెద్దవాళ్ళు కొందరు పోతే, మిగిలినవాళ్ళు ఆ లోటు పూడ్చేలోపే వరుస తెగిపోతుంది. తెగితే మళ్ళీ కలపడానికి ఆడవాళ్ళే కావాలి, మగవాళ్ళు ఎంతమంది ఉన్నా చాలరు అన్నది సంప్రదాయవాదుల మాట.

క్రైస్తవంలో చిక్కు ఇలా ఉండదు. అక్కడ బిషప్పు అభిషేకం బిషప్పుల చేతుల మీదుగా జరుగుతుంది. సభ ఒప్పుకుంటే పురుష బిషప్పులే స్త్రీని అభిషేకించవచ్చు. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.)లో మొదటి మహిళా బిషప్ అయిన పుష్పలలిత 2013లో మన నంద్యాలకి అలాగే వచ్చారు. అక్కడ కావలసింది ఒప్పుదల, ఇక్కడ ఒప్పుదలతో పాటు తెగని వరుస.

మొదటి తరాల భిక్షుణులు ఎలాంటివాళ్ళో, వాళ్ళ పద్యాల సంకలనమైన థేరీగాథలో వాళ్ళ మాటల్లోనే ఉంది. అందులో సోమ అనే భిక్షుణిని, సాధకుల మనసు చెదరగొట్టే మారుడు ఎగతాళి చేస్తాడు: ఋషులు చేరే చోటికి రెండు వేళ్ళ తెలివి ఉన్న ఆడది చేరలేదని. రెండు వేళ్ళు ఏమిటంటారా? చిన్నప్పటినుంచీ వండుతున్నా, అన్నం ఉడికిందో లేదో మెతుకు తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కితే గానీ తెలియదని వ్యాఖ్యానం వివరిస్తుంది. మన వంటింట్లో రోజూ జరిగేదే. సోమ జవాబు సూటిగా ఉంటుంది: మనసు కుదురుగా నిలిచాక, జ్ఞానం నడుస్తూ ఉండగా, ఆడతనం ఏం చేస్తుంది?

వరుస దేశాలు దాటిన తీరు చూడండి. క్రీ.పూ. మూడో శతాబ్దంలో శ్రీలంకలో అనుల అనే రాచకుటుంబపు స్త్రీ దీక్ష అడిగితే, అశోకుడి కొడుకు మహేంద్రుడు తాను ఇవ్వలేనన్నాడు. చెల్లెలు సంఘమిత్రని పిలిపించాడు. ఆవిడ భిక్షుణులతో, బోధివృక్షపు కొమ్మతో ఓడ దిగింది. ఆ చెట్టు అనురాధపురంలో ఇప్పటికీ ఉంది. క్రీ.శ. 429లో శ్రీలంక నుంచి ఎనిమిదిమంది భిక్షుణులు చైనా చేరారు. పదికి ఇద్దరు తక్కువ. అప్పటిదాకా అక్కడి ఆడవాళ్ళు భిక్షువుల దగ్గర మాత్రమే దీక్ష పొంది, అది సరిపోతుందో లేదో అని మథనపడుతున్నారు. నాలుగేళ్ళకి ఓడలో మరికొందరు వచ్చాక, 434 ప్రాంతంలో, ఇప్పటి నాన్‌జింగ్‌లో మూడు వందల మందికి పైగా స్త్రీలు రెండు సంఘాల దగ్గరా దీక్ష పొందారు.

మన కృష్ణా తీరమూ ఈ దారిలోదే. అమరావతి స్తూపపు రాళ్ళ మీద దానం చేసిన భిక్షుణుల పేర్లు చెక్కి ఉన్నాయి, 'ఉపాధ్యాయిని' అన్న మాట కూడా కనిపిస్తుంది. అంటే నేర్పే హోదా ఆడవాళ్ళకి ఉండేదన్నమాట. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు అశ్వమేధం చేశాడు, అతని సోదరి చాంతిసిరి మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించింది. బోధిసిరి అనే ఉపాసిక, అంటే గృహస్థ భక్తురాలు, కట్టించిన చైత్యగృహం సింహళ ఆచార్యుల కోసం. మ్యూజియంకి వెళ్తే శిల్పాలతో ఆగకుండా ఈ పేర్లూ వెతకండి.

పదకొండో శతాబ్దపు మొదట్లో చోళుల దండయాత్రలతో శ్రీలంకలో రెండు సంఘాలూ చెదిరిపోయాయి. విజయబాహు రాజు బర్మా నుంచి భిక్షువులను రప్పించి మగవాళ్ళ వరుస నిలబెట్టాడు. అది మళ్ళీ క్షీణిస్తే 1753లో సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి రప్పించారు. భిక్షుణుల కోసం మాత్రం ఎవరూ ఓడ పంపలేదు. పది శీలాలు పాటించే దశశీల మాతలు తర్వాత వచ్చారు గానీ, లెక్కలో వాళ్ళు గృహస్థులే.

ముడి మళ్ళీ పడింది 1996 డిసెంబరులో, సారనాథ్‌లో. కొరియా భిక్షుణుల సాయంతో పదిమంది శ్రీలంక స్త్రీలు దీక్ష తీసుకున్నారు. 1998లో బోధగయలో తైవాన్ సంఘం ఏర్పాటు చేసిన సభలో మరో ఇరవై మంది, ఆ వెంటనే శ్రీలంక గడ్డ మీదే దంబుల్లాలో. తూర్పు ఆసియా వినయం, అంటే సంఘ నియమావళి, వేరు, శ్రీలంక పాటించే థేరవాద శాఖ వినయం వేరు, కాబట్టి ఆ దీక్ష చెల్లదని అభ్యంతరం. వినయ గ్రంథాలు వేరన్నది నిజమే: పాళీలో భిక్షుణి నియమాలు 311, చైనా వాళ్ళ ధర్మగుప్తక వినయంలో 348. కానీ ఆ చైనా వరుసకి మొదట ముడి వేసింది శ్రీలంక నుంచి ఓడలో వెళ్ళిన భిక్షుణులే. అప్పిచ్చిన విత్తనం తిరిగొచ్చినట్టు. థాయ్‌లాండ్‌లో భిక్షువులు ఆడవాళ్ళకి దీక్ష ఇవ్వకూడదన్న 1928 నాటి ఆజ్ఞ ఉండటంతో, ధమ్మనందా అనే ఆచార్యురాలు 2003లో శ్రీలంక వెళ్ళి పూర్తి దీక్ష పొందారు.

టిబెట్ సంప్రదాయంలో పూర్తి దీక్ష ఇచ్చే భిక్షుణీ వరుస లేదు. అదే సంప్రదాయం పాటించే భూటాన్‌లో, 2022 జూన్‌లో, పారో లోయలో అక్కడి ప్రధాన మతగురువు జే ఖెన్పో, భిక్షు సంఘంతోనే 144 మంది స్త్రీలకి పూర్తి దీక్ష ఇచ్చారు. సంఖ్య పదికి ఎన్నో రెట్లు. ఇక కావలసింది పన్నెండేళ్ళ నిండుదనం. అది 2034లో నిండుతుంది. అప్పటికి మీలో చాలామంది ఉద్యోగాల్లో, కాపురాల్లో ఉంటారు. ఆ ఏడు పారో నుంచి వచ్చే వార్త ఒకసారి చూడండి: ప్రశ్నలు అడిగే పీఠం మీద భిక్షుణి కూర్చుందో లేదో.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ