థర్మండ్ అనే రైల్వే ఊరు: అపోహలు – వాస్తవాలు

అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, న్యూ రివర్ లోయలో థర్మండ్ అనే చిన్న ఊరుంది. 1873లో చెసపీక్ అండ్ ఒహాయో రైల్వే వేసిన లైనే దానికి ప్రాణం పోసింది. రైల్వే చరిత్ర మీద పనిచేసే మాకు ఈ ఊరి గురించి తరచూ వినిపించే మాటల్లో సగానికి సగం తప్పులే.

అపోహ: రైలు రావడం మానేసింది కాబట్టే ఊరు ఖాళీ అయింది.

వాస్తవం: లైను మూతపడలేదు. గూడ్సు బళ్ళు ఇప్పటికీ దుకాణాల ముంగిట నుంచే పోతున్నాయి. పోయింది ఆవిరి ఇంజన్. దానికి ఎడతెగని చాకిరీ కావాలి: బొగ్గు నింపాలి, నీళ్ళు పట్టాలి, బూడిద తీయాలి, బాయిలర్ కడగాలి. థర్మండ్ బతికింది ఆ చాకిరీ మీదే. 1922లో కట్టిన కాంక్రీటు బొగ్గు టవరు నేటికీ పట్టాల పక్కనే ఉంది. అందులో 500 టన్నులు పట్టేవి. ఇంజన్ వచ్చి ఆగితే పైనుంచి బొగ్గు నేరుగా టెండరులోకి, అంటే ఇంజన్ వెనుక బొగ్గూ నీళ్ళూ మోసే బండిలోకి జారేది. 1940, 50 దశకాల్లో వచ్చిన డీజిల్ ఇంజన్లకు అక్కడ ఆగే పనే లేకపోయింది. ఇంజన్ షెడ్డులో పని తగ్గాక కార్మికులు వెళ్ళిపోయారు, వాళ్ళ వెనుకే దుకాణాలూ. ఆవిరి ఇంజన్ల షెడ్డు మీద బతికిన నెల్లూరు జిల్లా బిట్రగుంట సంగతి తెలిసినవారికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

అపోహ: అయితే డీజిలే ఊరిని ముంచింది.

వాస్తవం: అది చివరి దెబ్బ మాత్రమే. 1921 వరకు ఊరికి రోడ్డే లేదు. రైలే దిక్కు కావడంతో బ్యాంకు, దుకాణాలు అన్నీ పట్టాలకు ఎదురుగా, మధ్యలో వీధన్నది లేకుండా కట్టారు. రోడ్లు, కార్లు వచ్చాక జనానికి ఇక్కడికే రావలసిన అవసరం తీరిపోయింది. 1930లో డన్‌గ్లెన్ హోటల్ కాలిపోయింది. 1931లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, నేషనల్ బ్యాంకు మూతపడింది. చుట్టుపక్కల గనులూ తగ్గుతూ వచ్చాయి. ఒక్క కారణంతో ముగించే కథనం ఏ ఊరి విషయంలోనూ నేను నమ్మను.

అపోహ: థర్మండ్ అంటే తాగుడు, జూదం.

వాస్తవం: ఊరి హద్దుల్లో దాని స్థాపకుడు కెప్టెన్ థర్మండ్ మద్యాన్ని నిషేధించాడు. ఆ చెడ్డపేరు తెచ్చింది నది అవతల ఉన్న డన్‌గ్లెన్. 14 ఏళ్ళు ఆగకుండా సాగిందని చెప్పుకునే పేకాట కూడా అక్కడిదే.

అపోహ: ఇప్పుడది మనుషుల్లేని పాడుబడ్డ ఊరు.

వాస్తవం: 1904 నాటి స్టేషన్‌ను జాతీయ ఉద్యానవన శాఖ బాగుచేసి సందర్శక కేంద్రంగా మార్చింది. అమెరికా ప్రయాణికుల రైలు సంస్థ ఆమ్‌ట్రాక్ వారి కార్డినల్ రైలు వారానికి మూడు రోజులు వస్తుంది, ఎక్కేవారో దిగేవారో ఉంటే ఆగుతుంది. 2020 జనాభా లెక్కల్లో ఇక్కడ ఐదుగురున్నారు. పురపాలన కూడా ఉంది: స్వలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్ల పట్ల వివక్షను నిషేధిస్తూ 2015లో ఏకగ్రీవంగా చట్టం చేసుకున్నారు. అమెరికాలో అలాంటి చట్టం చేసిన అతి చిన్న ఊరు అప్పటికి ఇదే.