ఇజ్వీ పళ్లెంలో ఏది పాతది?

కర్రపెండలం పిండిని మరిగే నీళ్లలో పోసి, ఉండ కట్టకుండా తెడ్డుతో కెలికి ముద్ద చేస్తారు. పక్కన వేలెడంత చేపల వేపుడు, ఉడికించిన రాజ్మా గింజలు ఉంటాయి. మధ్య ఆఫ్రికాలో, ఇజ్వీ ద్వీపం ఉన్న కివూ సరస్సు ఒడ్డున, హావు అనే జాతివాళ్ల ఇంట్లో మామూలు భోజనం ఇది. ఆ ముద్దను బుగాలి అంటారు. రాయలసీమ వాళ్లు చూస్తే సంగటి అనే అంటారు. తినే తీరూ అదే: చేత్తో తుంచి, బొటనవేలితో గుంట చేసి, కూరలో అద్దుకోవడం. తరతరాల తిండి అని ఎవరైనా చెబితే కాదనబుద్ధి కాదు. కానీ ఆ పళ్లెంలో ఉన్నదేదీ అక్కడ పుట్టింది కాదు. పెండలం, రాజ్మా అమెరికా ఖండాల పంటలు, యూరప్ ఓడలతో ఆఫ్రికా చేరాయి. చేపల సంగతి మరీ విచిత్రం.

హావులు కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో తూర్పు చివరన, కివూ సరస్సు పడమటి ఒడ్డున కలేహే ప్రాంతంలోనూ, సరస్సు మధ్యలో ఉన్న ఇజ్వీ ద్వీపంలోనూ ఉంటారు. ఇజ్వీ సుమారు 40 కిలోమీటర్ల పొడవున సాగిన ద్వీపం. ఆఫ్రికా సరస్సుల్లోని ద్వీపాల్లో విక్టోరియా సరస్సులోని ఉకెరెవే తరువాత ఇదే పెద్దది. అవతలి గట్టు రువాండా. 1910లో యూరప్ దేశాలు సరిహద్దు గీసినప్పుడు ద్వీపం బెల్జియం వాటాకు వచ్చింది, అందుకే ఇప్పుడు కాంగోలో ఉంది. వీళ్లది బంటు కుటుంబానికి చెందిన భాష. మనం తెలుగువాడు, తెలుగువారు, తెలుగునాడు అంటూ మాటకు తోక మారుస్తాం. వాళ్లు తల మారుస్తారు. ఒక మనిషి ముహావు, పదిమంది బహావు, భాష కిహావు, నేల బుహావు.

ఇక చేప. వేల ఏళ్ల కిందట విరుంగా అగ్నిపర్వతాలు లేచి, ఉత్తరానికి పారే నీటికి అడ్డుకట్ట వేశాయి. నిండిన సరస్సు దక్షిణాన రుజీజీ నదిగా పొంగి టాంగన్యికా సరస్సు వైపు దారి చేసుకుంది. ఇంత చిన్న వయసు సరస్సు కాబట్టి చేపల రకాలు తక్కువ. నడిసరస్సులో సూక్ష్మజీవులు పుష్కలంగా ఉన్నా వాటిని మేసే చేప లేదు. 1950ల చివర్లో, బెల్జియం పాలన ముగిసేలోపే, టాంగన్యికా నుంచి ఒక వెండిరంగు చిరుచేపను తెచ్చి ఇందులో వదిలారు. దాని పేరు సంబాజా. అది మేయడం మొదలుపెట్టాక ఇక్కడి ఒక సూక్ష్మజీవి జాతి సరస్సులోంచే మాయమైంది. మనుషులకు మాత్రం చవకైన మాంసకృత్తులు దొరికాయి.

దాన్ని పట్టే పద్ధతి చూడదగ్గది. మూడు పడవలను నీలగిరి కర్రలతో పక్కపక్కనే కడతారు. కర్రల కొసలు ముందుకూ వెనక్కూ మీసాల్లా చాచుకుని ఉంటాయి. వాటి నుంచి వల నీళ్లలోకి జారుతుంది. చీకటి పడ్డాక దీపాలు వెలిగిస్తే వెలుగుకు సూక్ష్మజీవులు చేరతాయి, వాటి వెనకే సంబాజా వస్తుంది, అప్పుడు వల పైకి లాగుతారు. తెడ్ల లయ తప్పకుండా పాట ఎత్తుకుంటారు. నీలగిరి కూడా ఆస్ట్రేలియా చెట్టేనని ఇక్కడ గుర్తుచేయకుండా ఉండలేను.

ఆ పడవల కింద వందల మీటర్ల లోతున దాదాపు 300 ఘన కిలోమీటర్ల కార్బన్ డయాక్సైడు, 60 ఘన కిలోమీటర్ల మీథేన్ నీటిలో కరిగి ఉన్నాయి. లోతు నీరు ఉప్పుతో, వాయువుతో బరువెక్కి పైపొరతో కలవదు కాబట్టి అవి అక్కడే ఉండిపోతున్నాయి. 1986లో కామెరూన్‌లోని న్యోస్ సరస్సు ఇలాంటి వాయువును ఒక్కసారిగా కక్కితే 1,700 మందికి పైగా చనిపోయారు. కివూ దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. రువాండా ఒడ్డున ఆ మీథేన్‌ను పైకి తోడి కరెంటు తీస్తున్నారు.

పెళ్లి మాటలకు కూర్చున్నా, దుఃఖంలో పలకరించడానికి వెళ్లినా కావలసింది కసిక్సి అనే అరటి కల్లు. అరటి గెలలను గోతిలో ఆకులు కప్పి మగ్గబెడతారు. పండ్లను గడ్డితో కలిపి పిసుకుతారు. గడ్డి లేకపోతే గుజ్జు జిగురై రసం దిగదు. ఆ రసంలో వేయించిన జొన్నపిండి కలిపి ఒకటి రెండు రోజులు పులియబెడతారు. అరటిది ఆగ్నేయాసియా. జొన్న మాత్రం ఆఫ్రికాది, అసలైన సొంతం.

నమ్మకాలు కూడా పంచుకున్నవే. ఈ రోజు హావుల్లో ఎక్కువమంది క్రైస్తవులు. అంతకు ముందు చనిపోయిన పెద్దల ఆత్మలను కొలిచేవారు. వాళ్లతో పాటు కివూ చుట్టుపక్కల అనేక జాతులు కొలిచిన ల్యాంగోంబే ఉన్నాడు. అతను వేటగాడు. తల్లి వద్దన్నా వేటకు వెళ్లి, అడవిదున్న కొమ్ములకు చిక్కి, ఎర్రపూల చెట్టు కింద ప్రాణం విడిచాడని కథ. ఆ చెట్టు మన బాడిద చెట్టుకు దగ్గరి బంధువు. అతని కొలువులో చేరే దీక్ష ఆ చెట్టు దగ్గరే జరిగేది. రాజ్యాల సరిహద్దులు దాటిన దేవుడు ఇతను. మిషనరీలకు మాత్రం అస్సలు గిట్టలేదు.

మరి నిజంగా పాతది ఏది? రాగులు. తూర్పు ఆఫ్రికా ఎత్తైన నేలల్లోనే మనిషి రాగిని తొలిసారి సాగుచేశాడు. మన సంగటి రాగి కూడా వేల ఏళ్ల కిందట అక్కడి నుంచి వచ్చిందే. ఇజ్వీలో కొత్త పంట వేళ రాజు కొలువులో ముగనూరో అనే క్రతువు జరిగేది. అక్కడ పెండలానికి చోటు లేదు. రాగి, జొన్న కావాలి. రోజూ తినేది కొత్త తిండి, దేవుడి ముందు పెట్టేది పాత ధాన్యం. మన ఇళ్లలోనూ వ్రతాల రోజున ఎప్పుడూ తినని గింజ ఒకటి బయటికి వస్తుందిగా!

ఆ రాజు కూడా స్థానికుడు కాడు. రాజును మ్వామి అంటారు. రాజవంశం బసిబులా. 19వ శతాబ్దం తొలినాళ్లలో మ్వెందంగా ఈ వంశం నుంచి ద్వీపానికి తొలి రాజయ్యాడు. అప్పటికే అక్కడ ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఉన్నాయి. 1970లలో ద్వీపంలో ఉండి వృద్ధుల మాటలు విన్న చరిత్రకారుడు డేవిడ్ న్యూబరీ ఒక తమాషా గమనించాడు. వంశాలన్నీ ముందే ఏర్పడి, తరువాత వాటి నెత్తిన రాజు వచ్చి కూర్చోలేదు. రాజు వచ్చాక, కొలువులో ఎవరి పని ఏమిటో తేలే క్రమంలోనే చెల్లాచెదురుగా ఉన్న కుటుంబాలు ‘మనది ఫలానా వంశం’ అని గట్టిపడ్డాయి.

ముగనూరోలో ఇది కళ్లకు కట్టేది. క్రతువులోని పనులు వేరువేరు వంశాలకు పంచి ఉండేవి. ఒకరి పని ఇంకొకరు చేయకూడదు. రాజు ఎంత గొప్పవాడైనా తన వాళ్లతోనే పని కానిచ్చుకోలేడు. ఏ వంశమైనా ఆ రోజు రాకుండా ఇంట్లో కూర్చుంటే, కొత్త రాగి ఎదురుగా ఉన్నా మ్వామి దాన్ని నోట పెట్టుకోవడానికి లేదు.