రింగ్ ఇస్తే కుదుటపడే లైన్

2001 వానాకాలంలో మా ఇంట్లో ఇంటర్‌నెట్ రోజుకో వేషం వేసేది. ఇల్లు విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల. కంప్యూటర్లో 56కె మోడెమ్ ఉండేది, అంటే ఫోన్ లైన్ మీదుగా ఇంటర్‌నెట్‌కి కలిపే పరికరం. పేరుకు సెకనుకు 56,000 బిట్ల వేగం. రాత్రి పది దాటాక, ఇక ఎవరూ ఫోన్ చేయరన్న ధైర్యంతో డయల్ చేసేవాణ్ణి. కీచుమని, గరగరమని, చివరికి బుస్సుమని మోడెమ్ అరుపులన్నీ అయ్యాక కనెక్ట్ అయ్యేది. ఐదు నిమిషాలు తిరక్కుండానే తెగిపోయేది.

ఒకటి మాత్రం వింతగా ఉండేది. గాజువాక నుంచి నా స్నేహితుడు ఫోన్ చేసి పెట్టేశాక డయల్ చేస్తే, కనెక్షన్ గంటసేపు నిలబడేది. మొదట్లో కాకతాళీయం అనుకున్నాను. నాలుగు రోజులు వరసగా అదే జరిగేసరికి, కాలేజీలో వాడితో ఒప్పందం చేసుకున్నాను: రోజూ పదింటికి రెండు రింగులిచ్చి పెట్టెయ్యాలి. నేను ఎత్తను, వాడికి బిల్లు పడదు. ఇంట్లో వాళ్లు ఇది విని నవ్వారు.

అంతకుముందు అందరూ వెతికే చోట్లన్నీ నేనూ వెతికాను. వంటింట్లో పారలల్ ఫోన్ ఉంది. అమ్మ రిసీవర్ ఎత్తిందంటే కనెక్షన్ అక్కడికక్కడే పోతుంది. దాని ప్లగ్ పీకేశాను. అప్పుడప్పుడూ డయల్ టోన్ లేదని మోడెమ్ మొండికేసేది. టోన్ నా చెవికి చక్కగా వినిపిస్తూనే ఉంది. అమెరికా డయల్ టోన్‌లో 350, 440 హెర్ట్జ్ స్వరాలు రెండు కలిసి ఉంటాయి. మనది 400 హెర్ట్జ్ స్వరం, 25 హెర్ట్జ్ లయలో ఊగుతుంది. ఆ ఊరి టోన్‌కి అలవాటుపడ్డ మోడెమ్ మన టోన్‌ని గుర్తుపట్టేది కాదు. సెట్టింగ్స్‌లో ఏటీఎక్స్3 అని రాస్తే, టోన్ కోసం ఎదురుచూడకుండా డయల్ చేసేస్తుంది. ఎస్10 అని ఇంకో సెట్టింగ్ ఉంది. అవతలి మోడెమ్ స్వరం మాయమైతే ఎంతసేపు ఓపిక పట్టాలో అది చెబుతుంది. చాలా మోడెమ్‌లలో 1.4 సెకన్లు. నేను ఐదు సెకన్లకు పెంచాను. తెగడం కాస్త తగ్గింది, రోగం మాత్రం అలాగే ఉంది.

లైన్‌మన్ వచ్చాడు. తన టెస్ట్ ఫోన్ తగిలించి ఎవరితోనో రెండు నిమిషాలు మాట్లాడి, "మాట సుబ్బరంగా ఇనపడతంది కదా బాబూ, లైన్లో ఏటీ నేదు" అని వెళ్లిపోయాడు. ఆయన చెప్పింది నిజమే. చిక్కంతా అక్కడే ఉంది.

మనిషి చెవికి సగం మాట అందినా మిగతా సగం పూరించుకుంటుంది. మోడెమ్‌కి ఆ తెలివి లేదు. ఫోన్ లైన్ మోసేది సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే. ఆ ఇరుకులో సెకనుకు 33,600 బిట్లు పట్టించాలంటే, స్వరం బలాన్నీ దశనీ (అల ఏ క్షణంలో లేస్తుందో, ఏ క్షణంలో పడుతుందో దాన్నీ) రకరకాలుగా మార్చి ఒక్కో కలయికకూ ఒక్కో అర్థం ఇవ్వాలి. ఆ కలయికలను కాగితం మీద గుర్తిస్తే అచ్చం చుక్కల ముగ్గే. ఆ వేగంలో చుక్కలు 1,664 దాకా ఉండొచ్చు. లైన్లో చప్పుడు పెరిగితే ఒక్కో చుక్కా పిండి చెదిరినట్టు పక్క చుక్క మీదికి పాకుతుంది, ఏది ఏదో మోడెమ్‌కి తెలియదు. అప్పుడు రెండు వైపుల మోడెమ్‌లూ వాకిలి కడిగేసి తక్కువ చుక్కలతో కొత్త ముగ్గు మొదలుపెడతాయి. మధ్యలో డౌన్‌లోడ్ కాసేపు ఆగిపోయినట్టు అనిపించేది చాలాసార్లు ఇందుకే.

దీని లెక్క 1948లోనే అమెరికన్ గణితవేత్త క్లాడ్ షానన్ కట్టిపెట్టాడు. 3,100 హెర్ట్జ్ వెడల్పున్న లైన్లో చప్పుడు కంటే సంకేతం 35 డెసిబెల్స్ ఎక్కువుంటే, అంటే దాదాపు మూడు వేల రెట్లుంటే, సెకనుకు సుమారు 36,000 బిట్లు దాటవు. చప్పుడు పదింతలైతే ఆ హద్దు 26,000 లోపుకి దిగిపోతుంది. (56కె మోడెమ్ ఈ హద్దు దాటినట్టు కనిపించడానికి కారణం, అవతలి వైపు లైన్ మొదటి నుంచీ డిజిటల్ కావడం. మన ఇంటి నుంచి వెళ్లే వైపు మాత్రం ఈ లెక్కకు లోబడాల్సిందే.) నా స్క్రీన్ మాత్రం 1,15,200 అని గొప్పగా చూపించేది. అది కంప్యూటర్‌కీ మోడెమ్‌కీ మధ్య వేగం. దాన్ని చూసి మురిసిపోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మోడెమ్ లాగ్, అంటే అది రాసిపెట్టుకునే చిట్టా, తెరిస్తే అసలు సంగతి బయటపడింది: 21,600.

చప్పుడు వినడానికి ఒక కిటుకు ఉంది. రిసీవర్ ఎత్తి ఒక్క అంకె నొక్కితే డయల్ టోన్ ఆగి, కొన్ని క్షణాలు నిశ్శబ్దం. పగలు అందులో ఏమీ వినపడలేదు. రాత్రి పదింటికి మాత్రం నూనెలో ఆవాలు చిటపటమన్నట్టు వినిపించింది. ఉప్పు గాలికి కిటికీ ఊచలే పొరలు పొరలుగా ఊడే ఊరు మాది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీరు పీల్చి కరిగిపోతుంది. రాత్రి చల్లబడేకొద్దీ తేమ శాతం పెరుగుతుంది. అంటే తీగ ఎక్కడో ఆరుబయట ఉప్పునీటికి దొరుకుతోంది.

డాబా ఎక్కాను. స్తంభం నుంచి వచ్చిన డ్రాప్ వైరు ఇంటి వైరుతో కలిసే చోట నల్ల టేపు వదులై వేలాడుతోంది. విప్పితే, మెలిపెట్టిన రాగి తీగల నిండా పచ్చటి చిలుము, దాని కింద నల్లటి పొర. పూజగదిలో చింతపండు ముట్టని రాగి చెంబు గుర్తొచ్చింది.

ఆ నల్ల పొరే రింగు రహస్యం కూడా. రాగి ఆక్సైడ్ కరెంటును సరిగ్గా పారనివ్వదు. ఒక దిక్కుకు కొంత, రెండో దిక్కుకు ఇంకొంత వదులుతుంది. సిలికాన్ డయోడ్లు రాకముందు కొన్ని రెక్టిఫైయర్లు, అంటే కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే పరికరాలు, రాగి ఆక్సైడ్‌తో చేసేవారు. అలాంటి జాయింటు గుండా వెళ్లిన స్వరం వంకర తిరుగుతుంది. ఫోన్ పెట్టేసి ఉన్నప్పుడు లైన్ మీద టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ ఉంచేది సుమారు 48 వోల్టులు. బెల్ మోగించడానికి దాని మీద ఇంకో 75 వోల్టుల ఏసీ పంపుతుంది. శిఖరాల దగ్గర రెండూ కలిసి 150 దాకా పోతాయి. ఆ దెబ్బకు పలచటి పొర అక్కడక్కడా చిట్లి, రాగికి రాగి తగులుతుంది. కాసేపు లైన్ శుభ్రం. గంట గడిచేసరికి తేమకు మళ్లీ పొర.

మర్నాడు లైన్‌మన్‌ని పిలిచి చేత్తో చూపించాను. ఆయన మాట్లాడకుండా ఆ ముక్క కత్తిరించి, కొత్త తీగ తేలేలా గీకి, గ్రీజు నింపిన చిన్న కనెక్టర్లో నొక్కాడు. పది నిమిషాల పని. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు డయల్ చేస్తే లాగ్‌లో 44,000 పడింది, పన్నెండు దాకా కదల్లేదు.

గాజువాక వాడికి చెప్పడం మర్చిపోయాను. పదింటికి మామూలుగా డయల్ చేశాడట. ఎంగేజ్. మళ్లీ చేశాడు, ఎంగేజ్. పొద్దున కాలేజీ గేటు దగ్గరే పట్టుకున్నాడు. "పదిహేనుసార్లు కొట్టానురా! ఫోన్ పక్కన పెట్టేసి, నన్నెందుకు రింగులివ్వమన్నావు?"