లారీలు బంద్ పెడితే ఊర్ల ట్రాఫిక్ సాఫ్ అయితదా? అపోహలు - వాస్తవాలు

మొన్న ఒక మున్సిపాలిటీ మీటింగ్‌ల మళ్ల అదే మాట. "సార్, పగలు లారీలు బంద్ పెట్టి, బైపాస్ ఏస్తే అయిపాయె గదా!" ట్రాఫిక్ సర్వేల పని చేసేటోన్ని, ఈ మాట ఇనని ఊరు లేదు.

అపోహ: ఊర్లకొచ్చే లారీలన్నీ దారినపోయేటియే.

వాస్తవం: ఓడీ సర్వే, అంటే బండి యాడికెళ్లి వస్తున్నది, యాడికి పోతున్నది అనే సర్వే చేసి డ్రైవర్లను అడగుర్రి. మిర్యాలగూడ అంటేనే రైసు మిల్లులు, వడ్లు లోపలికి రావాలె, బియ్యం బయటికి పోవాలె, ఆ లారీ బైపాస్ ఎక్కి ఏం చేస్తది? బైపాస్ పనికొచ్చేది వాడపల్లి దిక్కుకెళ్లి సీదా హైదరాబాద్ పోయే సిమెంటు లారీలసొంటి వాటికి.

ఇగ బంద్ సంగతి. ఒక ఊర్ల పొద్దున 8 నుంచి రాత్రి 9 దాక బంద్ పెట్టిన్రు. రాత్రి 8:30కి శివారు బంకు కాడ నిలవడి లెక్కపెట్టిన, రోడ్డు పొంటి 41 లారీలు, క్లీనర్లు స్టవ్ మీద అన్నం వండుతున్నరు. 9 కొట్టంగనే అన్నీ ఒక్కసారే కదిలినయి, తీరా గోదాం కాడికి పోతే హమాలీలు ఇండ్లకు పోయిన్రు, తెల్లారేదాక లారీలు గల్లీల అడ్డమే! స్కూలు కాడ తల్లుల భయం నిజమే, కాదంటలేను. మరి స్కూలు టైం రెండు గంటలు ఆపుర్రి చాలు, గోదాంలకు వేరే దారి చూపుర్రి, మిల్లుల లారీలకిచ్చే వంతు టోకెన్లు టైము కట్టి ఇప్పియ్యుర్రి.

ఇంకోటి, రోడ్డు మీద బండ్లను ఏ వారమన్నా లెక్కపెట్టొచ్చు అంటరు. రోడ్ల పద్ధతులు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) పుస్తకం, ఐఆర్‌సీ 9 ఏం చెప్తదంటే, ఏడాదికి రెండు సార్లు, కోతల సీజన్‌ల ఒకసారి, ఖాళీ రోజుల్ల ఒకసారి, 7 రోజులు 24 గంటలు. ట్రాక్టర్లను ఇడిచిపెట్టకుర్రి, ఐఆర్‌సీ 64ల లారీ 3 పీసీయూ (అంటే మూడు కార్ల లెక్క) అయితే ట్రాలీ ట్రాక్టర్ 4.5.

ఓవర్‌లోడ్‌తో ఏమైతది అంటరా? యాక్సిల్ (చక్రాల ఇరుసు) మీద బరువు డబుల్ అయితే రోడ్డుకు దెబ్బ సుమారు 16 రెట్లు. కేంద్ర చట్టంల జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ఒక్కో టన్నుకు ఇంకో 2,000, అది వేరే.

"సర్వేకొచ్చిన్రంటే ఇండ్లు పోతయి" అనే పుకారు మాత్రం ఇనలేక సస్తున్న. దేవరకొండ రోడ్డు మీద ఒక అవ్వ వచ్చి "మా రేకుల ఇల్లు ఎన్ని గజాలు పోతది బిడ్డా" అని గజగజ వణుకుతున్నది. బండ్లు లెక్కపెట్టే షీటు చూపెట్టిన, బండికొక గీత, అన్నీ గీతలే. లారీ, బస్సు, సైకిలు, ఎడ్లబండి గడులు ఒక్కొక్కటి చదివి చెప్పిన. కాసేపు చూసి, "మా ముసలాయన సైకిలు మీద ఇప్పుడే పోయిండు, రాసినవా మరి?" అన్నది.

రాసిన అవ్వా అన్న.