‘గ్రామర్ ఒక్కటి చూసి పెట్టండి మేడమ్’: థీసిస్ ఎడిటింగ్‌పై అపోహలు, వాస్తవాలు

ఉండేది తార్నాకలో. ఉస్మానియా, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల వర్సిటీ) రెండూ దగ్గరే. చరిత్ర, సాహిత్యం, సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ల అధ్యాయాలు చదివి, పక్కన కూర్చుని రాయించడం నా పని. రాసిపెట్టను, రాయిస్తాను. ఈ ముక్క ఫోన్‌లో రోజూ ఎవరో ఒకరికి చెప్పాల్సి వస్తుంది.

అపోహ: సమస్యంతా ఇంగ్లిష్‌దే. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు మరీను.

వాస్తవం: వాక్యం వంకరపోయిన చోట చాలాసార్లు ఆలోచనే ఇంకా తేలి ఉండదు. ఆ మధ్య ఒకమ్మాయి వచ్చింది. పాత స్త్రీల పత్రికల్లో పాఠకుల ఉత్తరాల మీద పరిశోధన. సుందరయ్య విజ్ఞాన కేంద్రం లైబ్రరీలో నెలల తరబడి కూర్చుని నోట్సు రాసుకుంది. అధ్యాయం మొదటి పేజీ మీద గైడ్ ఎర్ర ఇంకుతో ‘పూర్ లాంగ్వేజ్’ అని రాసి ఇచ్చారట, అంతే. నాలుగు నెలలుగా ఆ ఫైల్ తెరవలేదు.

ల్యాప్‌టాప్ మూసేసి, ‘ఆ ఉత్తరాల్లో నీకేం కనిపించిందో తెలుగులోనే చెప్పమ్మా’ అన్నాను. టీ చల్లారిపోయేదాకా చెప్పింది. అసలు పేరు దాచి ‘ఒక సోదరి’ అని సంతకం చేసినవాళ్లే ఎక్కువ ధైర్యంగా రాశారట. ఇంత మంచి మాట అధ్యాయంలో ఎక్కడుందా అని వెతికితే 27వ పేజీ అడుగున, ఫుట్‌నోట్‌లో దొరికింది! ముందు పేజీల నిండా సిద్ధాంతకర్తలు ఏమన్నారన్నదే. ఫుట్‌నోట్‌ని పైకి తెచ్చాం. ఆ తర్వాత ఇంగ్లిష్ తప్పులు దిద్దడానికి ఒక పూట పట్టింది.

అపోహ: నొప్పించకుండా ఎడిట్ చేయడమంటే మెచ్చుకుంటూ పోవడం.

వాస్తవం: దానికి నేనెందుకు, ఫ్రెండ్స్ ఉన్నారుగా. పేజీలకు పేజీలు కొట్టేస్తాను కూడా. తేడా అంతా కామెంట్‌లో ఉంటుంది. ‘అస్పష్టం’ అని రాస్తే బెదురు పుడుతుంది, దారి దొరకదు. ‘ఇక్కడ వాళ్లు అంటే పత్రిక నడిపినవాళ్లా, ఉత్తరం రాసినవాళ్లా?’ అని రాస్తే ఆ సాయంత్రమే సరిచేసి పంపుతారు. జవాబు కూడా నేనే రాసిస్తే అది దొంగతనంలో వాటా తీసుకోవడమే. అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు, ఎక్కువ ఫీజు ఇస్తామని మరీ.

అపోహ: సిమిలారిటీ, అంటే థీసిస్‌లో వేరేవాళ్ల రాతలతో కలిసే భాగం ఎంతని సాఫ్ట్‌వేర్ చూపించే లెక్క, 10 శాతం లోపు వస్తే గండం గడిచినట్టే.

వాస్తవం: 2018 యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం వరకు శిక్ష లేదు. అది దాటి 40 శాతం వరకు ఉంటే ఆరు నెలల్లోగా సవరించి ఇవ్వాలి. అయితే సాఫ్ట్‌వేర్ మాటల్ని పోల్చగలదు గానీ, ఆలోచన ఎవరిదో దానికేం తెలుసు? శాతం తగ్గించాలని పదాలు మార్చుకుంటూ పోతే ‘డొమెస్టిక్ స్పేస్’ కాస్తా ‘హౌస్‌హోల్డ్ ఏరియా’ అయి కూర్చుంటుంది. మూలం చెప్పి కొటేషన్‌లో పెడితే పోయేదానికి ఇంత తంటా.

అపోహ: అంతా చదివాకే రాయడం మొదలుపెట్టాలి.

వాస్తవం: అంతా చదివేసినవాళ్లు ఎవరూ లేరు. 2022 యూజీసీ నిబంధనల్లో పీహెచ్‌డీకి గరిష్ఠ గడువు ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు. చదివిన రోజే అర పేజీ రాయమంటాను, తెలుగూ ఇంగ్లిషూ కలిపైనా సరే. ఆ అమ్మాయైతే ఇప్పుడు దారిలోనే వాయిస్ నోట్ పెట్టుకుని, రాత్రి వింటూ టైప్ చేస్తుంది. మొన్నొకటి నాకూ పంపింది. వెనక మెట్రో అనౌన్స్‌మెంట్, మధ్యలో ‘ఒక్క నిమిషం మేడమ్, నా స్టేషన్ వచ్చింది’.