నీళ్లలో ఉన్న కేబుల్ టై ఎందుకు తెగలేదు?

"మా బోటు అడుగున బిల్జ్‌లో (నీళ్లు చేరే గుంటలో), ఆ నీళ్లు తోడే పంపు వైర్లకు మూడేళ్ల కిందట వేసిన కేబుల్ టైలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. రోజంతా ఉప్పునీళ్లలోనే నానుతుంటాయి. అదే ప్యాకెట్లోంచి తీసి పైన లైటు స్తంభానికి వేసినవి మాత్రం ఏడాది తిరక్కుండానే, ముట్టుకుంటే పుటుక్కుమన్నాయి. నీళ్లలో ఉన్నవి పాడవ్వాలి గానీ, పొడిగా ఉన్నవి పాడవడమేంటండీ?" అని కాకినాడ నుంచి ఒక మరబోటు యజమాని అడిగారు.

మంచి సమయంలో వచ్చిన ప్రశ్న ఇది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పుతీరంలో వేట నిషేధం. బోట్లకు రంగులు, ఇంజను పని, వైరింగు పని అన్నీ అప్పుడే. జీపీఎస్, ఫిష్ ఫైండర్, వీహెచ్ఎఫ్ రేడియో, పంపు, లైట్లు కలిసి ఒక్క బోటులో ఎన్ని వైర్లుంటాయో బోటు నడిపే సరంగులకు తెలుసు. వాటన్నిటినీ పట్టి ఉంచేది రూపాయో రెండు రూపాయలో చేసే ఈ నైలాన్ ముక్కే, తోకని తలలోకి దూర్చి లాగితే బిగుసుకునే కేబుల్ టై.

ప్రశ్న చదవగానే నాకు పూలకొట్టు గుర్తొచ్చింది.

మాల కట్టేవాళ్ల పక్కన కాసేపు కూర్చుని చూడండి. చిన్న గిన్నెలో నీళ్లుంటాయి. ఎండిన అరటినార చుట్టలోంచి సన్నటి పాయ చీల్చి, నీళ్లలో ముంచి, ఒక్క విదిలింపు విదిలిస్తారు. మల్లెలు ఇటు రెండు, అటు రెండు పెట్టి, నార మెలేసి, వేలితో లాగి బిగిస్తారు. ఆ నీళ్లగిన్నె తీసేసి అదే పని చెయ్యమనండి. వంగే చోట నార చిట్లిపోతుంది. నార మారలేదు, మనిషి మారలేదు. మధ్యలో నీళ్లు లేవంతే.

నార అంటే సెల్యులోజ్ గొలుసుల కట్ట. గొలుసులు పక్కపక్కనే పడుకుని, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని ఉంటాయి. ఆ చేతులే హైడ్రోజన్ బంధాలు. ఎండిన నారలో ఆ పట్టు గట్టిగా ఉంటుంది, ఒక గొలుసు పక్కదాని మీద జరగలేదు. వంచితే సర్దుకునే దారిలేక విరుగుతుంది. నీటి అణువు చిన్నది, దానికీ అలాంటి చేతులున్నాయి. అది మధ్యలో దూరి, గొలుసులు ఒకదానితో ఒకటి కలిపిన చేతిని విడదీసి తను పట్టుకుంటుంది. ఇప్పుడు గొలుసులు కాస్త జరగగలవు. నార వేలి చుట్టూ తిరుగుతుంది.

నైలాన్ కథ కూడా అక్షరాలా ఇదే. కేబుల్ టైలు ఎక్కువగా నైలాన్ 6,6తో చేస్తారు. దాని గొలుసు పొడవునా అమైడ్ అనే గుంపులుంటాయి, వాటి మధ్య కూడా హైడ్రోజన్ బంధాలే. అచ్చులోంచి అప్పుడే బయటికొచ్చిన నైలాన్‌లో నీళ్లు దాదాపు ఉండవు, అది పెళుసుగా ఉంటుంది. గాలిలో తేమ 50 శాతం ఉన్నచోట పెడితే, నెమ్మదిగా తన బరువులో రెండున్నర శాతం నీటిని పీల్చుకుంటుంది. నీళ్లలోనే నానిస్తే ఎనిమిది శాతం దాటుతుంది. అంటే వంద గ్రాముల టైలు ఎనిమిది గ్రాములకు పైగా నీళ్లు తాగుతాయి. ఎండిన నైలాన్ బిర్రుదనం వదిలి సాగే గుణం తెచ్చుకోవాలంటే సుమారు 70 డిగ్రీల వేడి కావాలి. నీళ్లు నిండిన నైలాన్‌కి ఆ మార్పు సున్నా డిగ్రీల కంటే కిందే జరిగిపోతుంది. మన ఊళ్లలో చలికాలంలో కూడా అది మెత్తగానే ఉంటుందన్నమాట.

బళ్లో మాత్రం "నైలాన్ నీటిని తక్కువగా పీల్చుకుంటుంది, త్వరగా ఆరుతుంది" అని చెప్పి వదిలేస్తాం. నూలుతో పోలిస్తే అది నిజమే. కానీ పిల్లలకు హైడ్రోజన్ బంధం పాఠం మంచుగడ్డ తేలడంతో మొదలై అక్కడే ఆగిపోతోంది. రెండు టైలు, ఒక గిన్నెడు వేడినీళ్లు, ఒక అరటినార చుట్ట క్లాసులోకి పట్టుకెళ్తే చాలు, ఆ పాఠం జన్మలో మర్చిపోరు.

నా అనుభవం ఒకటి చెబుతాను. విప్పిన టైల ప్యాకెట్ ఒకటి వేసవంతా డాబా మీద ఇనప పెట్టెలో ఉండిపోయింది. ఇన్వర్టర్ వైర్లు సర్దుదామని తీస్తే, తోక తలలోకి దూర్చి లాగేసరికి వరసగా ఐదు విరిగాయి. అన్నీ ఒకేచోట, తల పక్కన వంపు దగ్గర. నకిలీ సరుకేమో అనుకున్నాను. మిగిలినవి వేడినీళ్లలో గంటసేపు ఉంచి, రాత్రంతా అలాగే వదిలేశాను. పొద్దున ఒక్కటీ విరగలేదు.

ఆ పెట్టెలో ఏం జరిగిందో లెక్కేద్దాం. 30 డిగ్రీల దగ్గర 70 శాతం తేమ ఉన్న గాలిని, కొత్త నీళ్లేమీ కలవకుండా 60 డిగ్రీలకు వేడిచేస్తే, దాని సాపేక్ష తేమ సుమారు 15 శాతానికి పడిపోతుంది. గాలిలో నీళ్లు అన్నే ఉన్నాయి, కానీ వేడిగాలికి దాహం ఎక్కువ. అది నైలాన్‌లోంచి కూడా నీళ్లు లాగేస్తుంది. బోటు ఇంజను గదిలో జరిగేదీ ఇదే. చుట్టూ సముద్రం ఉన్నా, ఇంజను పక్కన ఉన్న టై మాత్రం ఎండిపోతుంది. టైలు బిగించిన సంచుల్లో అమ్మేది అందుకే, లోపలి తేమ పోకూడదు. ప్యాకెట్ విప్పాక మూతి రబ్బరుబ్యాండుతో కట్టి, నీడలో పెట్టండి.

ఇంతవరకూ చెప్పింది ఎండిపోవడం గురించి. అది నయమయ్యే జబ్బు, నీళ్లు పోస్తే తీరుతుంది. స్తంభం మీది టైకి వచ్చింది వేరే జబ్బు. నీరు గొలుసుల మధ్యకి మాత్రమే వెళ్తుంది, గొలుసు జోలికి పోదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు గొలుసునే తెంపుతాయి. తెగిన కొసని గాలిలోని ఆక్సిజన్ అంటుకుని మళ్లీ అతకనివ్వదు. పొడుగు గొలుసులు పొట్టి ముక్కలవుతాయి. నెలల తరబడి ఎండలో పడి ఉన్న అరటినారని ఎంత నానబెట్టినా మాల కట్టలేం కదా, అలాగే. పైన సుద్దపొడిలాంటి తెలుపు, సన్నటి బీటలు కనిపిస్తే ఆ టై పని అయిపోయినట్టే. నైలాన్ వలలు కూడా ఈ కుటుంబమే, వాటిని ఎండలో ఆరేసి వదిలెయ్యకూడదని మత్స్యకారులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బిల్జ్‌లోని టైకి తడి దండిగా ఉంది, ఎండ తగలదు. కాకినాడ యజమాని గారి ప్రశ్నకి జవాబు అదే.

ఎండకి మందు మసి. నైలాన్‌లో సుమారు రెండు శాతం మెత్తటి కార్బన్ పొడి కలిపితే, ఆ కిరణాల్ని పైపొరలోనే అది మింగేస్తుంది, లోపలి గొలుసులకు గొడుగు పడుతుంది. అయితే నల్లటి టైలన్నీ ఇవి కావు. మామూలు నల్లరంగు కలిపినవీ అంతే నల్లగా ఉంటాయి. ప్యాకెట్ మీద యూవీ (అతినీలలోహిత కిరణాలకు పొట్టిపేరు) అని రాసి ఉందో లేదో చూసి కొనండి.

ఇంకో దారి నాకు మరీ ఇష్టం, ఎందుకంటే అది మన పాలమూరు, నల్గొండ చేలకు తెలిసిన పంట, ఆముదం. నైలాన్ 11ని ఆముదం నూనె నుంచే చేస్తారు. దాని గొలుసులో అమైడ్ గుంపులు దూరదూరంగా ఉంటాయి. పట్టుకునే చేతులు తక్కువ కాబట్టి, అది పీల్చే నీళ్లు నైలాన్ 6,6తో పోలిస్తే నాలుగోవంతుకు అటూఇటూ. తడికీ పొడికీ దాని గుణం పెద్దగా మారదు. దీని తమ్ముడు నైలాన్ 12తో చేసిన టైలు కూడా ఉన్నాయి, ఖరీదెక్కువ.

నానిన టైకి ఒక లోటు కూడా ఉంది. విరగదు గానీ, లాగుడు బలం కొంత తగ్గుతుంది. అందుకే బిల్జ్‌లో ఒక సైజు వెడల్పుది వెయ్యండి. మామూలుగా 4.8 మిల్లీమీటర్ల టై 22 కిలోల లాగుడుకి ఆగుతుంది, 3.6ది 18 కిలోలకి.

కేబుల్ టై పుట్టింది విమానాల కోసం. అమెరికాలో థామస్ అండ్ బెట్స్ కంపెనీకి చెందిన మారస్ లోగన్, మైనం దారంతో వేలాది వైర్లకు ముడులు వేసి వేళ్లు కాయలు కాచిన పనివాళ్లను చూసి దీన్ని తయారుచేశాడు. 1958లో పేటెంట్‌కి దరఖాస్తు చేశాడు. తలలోని చిన్న నాలుక తోక మీది పళ్లను ఒక్క వైపే పోనిస్తుంది. వెనక్కి ఎంత లాగితే అంత లోతుగా కరుస్తుంది.

ఆ కరిచే గుణం వల్లే ఎక్కువమంది తప్పు చేస్తారు, ఇక లాగలేనంత దాకా బిగిస్తారు. వైరు మీది పీవీసీ ప్లాస్టిక్ తొడుగు ఆ ఒత్తిడికి నెలల తరబడి మెల్లగా పక్కకి జరిగి పల్చబడుతుంది. కట్టాక వైర్ల కట్ట చేత్తో కాస్త కదిపితే కదలాలి, తనంతట తాను జారకూడదు. అంతే బిగువు. వీహెచ్ఎఫ్ యాంటెన్నా కేబుల్‌ని నొక్కితే లోపలి తీగకీ చుట్టూ ఉన్న అల్లికకీ మధ్య దూరం మారి, సిగ్నల్ కొంత వెనక్కి తిరుగుతుంది. దానికి ఇంకా వదులుగా వెయ్యండి. తోకని మామూలు కత్తెరతో ఏటవాలుగా కోస్తే బ్లేడులాంటి కొన మిగులుతుంది. చీకట్లో వైరు తడుముతున్న సరంగు ముంజేతిని అది గీరుతుంది. ఫ్లష్ కట్టర్‌తో తలకి సమంగా కొయ్యండి.

అమెరికా బోట్ల ప్రమాణాల సంస్థ ఏబీవైసీ ప్రకారం వైరుకి 18 అంగుళాలకొక ఆధారం ఉండాలి, అంటే సుమారు 45 సెంటీమీటర్లు. ఇంజను మీద, తిరిగే షాఫ్టు మీద, ఆధారం తెగితే ప్రమాదమయ్యే చోట ప్లాస్టిక్‌వి వాడొద్దంటుంది. అక్కడ రబ్బరు పొదిగిన లోహపు క్లాంపు వెయ్యాలి.

లైటు ఆరిపోతే దిష్టి తగిలిందని నిమ్మకాయలు మార్చేవాళ్లున్నారు. గంగమ్మకి దణ్ణం పెట్టుకుని బయల్దేరడం సముద్రం మీదికెళ్లే మనిషికి ధైర్యం, దాన్ని నేను కాదనను. కానీ ఆరిన లైటుకి కారణం స్తంభం మీదే దొరుకుతుంది. టై విరిగింది, వైరు వేలాడింది, ఇంజను వణుకుకి ఇనుముతో రాసుకుని తొడుగు అరిగింది, ఉప్పునీరు రాగిని తినేసింది. నిచ్చెనెక్కి చూస్తే వరసగా అన్నీ కనిపిస్తాయి.

కాబట్టి కాకినాడ వారికి: బిల్జ్‌లో టైలు బాగుంటే కదపకండి. స్తంభం మీద, కప్పు మీద ఉన్నవన్నీ తీసేసి, యూవీ అని రాసి ఉన్న నల్లటివి వెయ్యండి. వేసే ముందు ఒకటి తీసి వేలి చుట్టూ తిప్పి చూడండి. చిట్లితే మిగిలినవి వేడినీళ్లలో నానబెట్టండి.