సచివాలయాల్లో తెమలని రిపోర్టులు: ఎక్కడ మొదలైంది ఈ బరువు?

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో గ్రామ సచివాలయ ఉద్యోగిని పని ఎలా ఉందని అడిగితే ముందు వచ్చే మాట రిపోర్టుల గురించే. పొద్దున హాజరు, ఆ వెంటనే సర్వే యాప్, మండలం నుంచి వాట్సాప్‌లో ఎక్సెల్ షీటు, మధ్యాహ్నం టెలికాన్ఫరెన్సు. చెప్పడానికి ఏమీ లేకపోయినా 'నిల్' అని పంపాల్సిందే. అర్జీ పట్టుకుని వచ్చిన రైతు అంతసేపూ బెంచీ మీద కూర్చోవాల్సిందే.

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి కలెక్టరేటులో నడిచింది మద్రాసు ఆఫీసు పద్ధతే. దానికి టోటెన్‌హామ్ అనే బ్రిటిష్ కాలపు ఐసీఎస్ అధికారి పేరు స్థిరపడింది. ఉత్త కాగితాల గోల అని దాన్ని తీసిపారేస్తారు గానీ, గుమాస్తా సమయం వృథా కాకుండా అందులో రక్షణ ఉండేది. తపాల్లో వచ్చిన ప్రతి కాగితానికీ కరెంటు నంబరు, అంటే వరస సంఖ్య, పడేది; ఆ గుమాస్తా తన కాగితాలు నమోదు చేసే పర్సనల్ రిజిస్టరులో ఎక్కేది. ఎవరు పంపారు, ఎవరికి వెళ్లింది, ఎప్పుడు తేలింది, అన్నీ ఒకే వరసలో కనిపించేవి. పని ముగిసిన ఫైలు ఆర్.డిస్ అయితే శాశ్వతంగా దాచాలి, ఎల్.డిస్ అయితే ఏడాది దాటాక తీసేయొచ్చు. వీటన్నిటికంటే విలువైంది పిరియాడికల్ రిజిస్టరు. నెలకో, మూణ్నెల్లకో, ఏడాదికో పంపాల్సిన నివేదికలన్నీ అందులో ఉండేవి. సీటులోకి కొత్తగా వచ్చిన గుమాస్తా ఆ పుస్తకం తిరగేస్తే తన మీద ఎంత బరువుందో తెలిసేది. సూపరింటెండెంటుకూ తెలిసేది.

ఊళ్లో భూమి, శిస్తు లెక్కలు రాసేది కరణం. ఆ లెక్కలను పై రెవెన్యూ అధికారులు ఏటా జమాబంది పేరుతో తనిఖీ చేసేవారు. కరణాల పెత్తనం మీద జనానికున్న కోపం తక్కువది కాదు. 1984లో ఆ వ్యవస్థ రద్దయింది, 1985లో మండలాలు వచ్చాయి. 2011 నవంబరులో మీసేవ చిత్తూరు జిల్లాలోనే మొదలైంది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు ప్రారంభమయ్యాయి, సుమారు 2,000 జనాభాకు ఒకటి చొప్పున. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిపోయింది. సేవలు జనానికి దగ్గరయ్యాయి, అది పెద్ద మేలే. అయితే ప్రతి శాఖకూ ఊళ్లో ఒక మనిషి దొరకడంతో ఎవరికివారు నేరుగా అడగడం మొదలుపెట్టారు.

తప్పు కంప్యూటరుది కాదు. వాట్సాప్‌లో వచ్చే ఆదేశానికి కరెంటు నంబరు లేదు, అది ఏ పిరియాడికల్ రిజిస్టరులోనూ ఎక్కదు. లెక్కలో లేనిదాన్ని ఆపేవాళ్లూ ఉండరు. సర్వే ముగిసినా షీటు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ఉద్యోగి తనంతట తాను చేయగలిగింది ఒకటుంది. అడిగిన ప్రతి రిపోర్టునూ తేదీ, అడిగినవారి హోదా, పట్టిన సమయంతో ఒక నోటుబుక్కులో రాసి, నెలాఖరున ఎంపీడీవో ముందు పెట్టాలి. ఒకే వివరాన్ని రెండు శాఖలు విడివిడిగా అడుగుతుంటే అప్పుడు బయటపడుతుంది, ఫలానాది ఆపండని గట్టిగా అడగడానికి ఆధారం దొరుకుతుంది. ఇక ప్రభుత్వం చేయాల్సింది, కొత్త నివేదిక ఏది కోరినా అది ఏ తేదీతో ఆగిపోతుందో ఆదేశంలోనే రాయడం.